ఒక గృహస్థు – ఇరవై మంది అతిథులు

మన కళాశాల వార్షిక సంచికకు ఈ ఏడు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుడనైన నా నుండి ప్రబంధ సాహిత్యాన్ని గురించియో, శతక వాఙ్మయాన్ని గురించియో నాలుగు మాటలు వస్తాయని వారు ఆశించి ఉంటారు. నేను మాత్రం కంప్యూటర్ ప్రయోగశాలను గురించి వ్రాయబూనుకొన్నాను. ఇది నా పరిధిని దాటిన సాహసమని మిత్రులు కొందరు భావించవచ్చును. ఐతే గత విద్యాసంవత్సరంలో ఆ గదిలో నేను చేసిన ఒక పొరపాటు, దానివల్ల ఒక విద్యార్థినికి కలిగిన నష్టం, ఆ పొరపాటును దిద్దుకొనే ప్రయత్నంలో నేర్చుకొన్న సంగతులు నా మనస్సును ఇంకా వదలలేదు. వాటిని విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను పంచుకొనడం నా విధి అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

తెలుగు పంతులుకు కంప్యూటర్లతో ఏమి పని అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో నా వద్ద ఒక పాత కంప్యూటర్ ఉండేది. దానికి క్రొత్త సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక, మిత్రుడొకడు ఇచ్చిన లినక్స్ డిస్కును అందులో ఎక్కించుకొన్నాను. 1991వ సంవత్సరంలో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఆరంభించిన ఆపరేటింగ్ సిస్టం అది. దాని మూలరచనను ఎవరైనా చదువవచ్చును, సవరించవచ్చును, సవరించినదాన్ని అదే షరతుపై ఇతరులకు పంచవచ్చును. వెల లేదని దాని దగ్గరకు వెళ్ళినవాణ్ణి, దాపరికం లేదని దాని దగ్గరే నిలిచిపోయాను. ప్రయోగశాల బాధ్యతను చూచే అధ్యాపకుడు మరొక ఉద్యోగానికి వెళ్ళిపోయినప్పుడు, “మీకు లినక్స్ వచ్చును గదా లెక్చరర్ సాబ్, కొన్నాళ్ళు మీరే చూడండి” అని మన సెక్రటరీ సాబ్ అన్నారు. ఆ కొన్నాళ్ళు ఇప్పటికి రెండు సంవత్సరాలైనవి.

మన ప్రయోగశాలలో విద్యార్థులు కూర్చునే కంప్యూటర్లు ఇరవై. అవి అన్నీ వయసు మళ్ళినవి. క్రొత్త ప్రోగ్రాములను మోయలేవు. అందువల్ల గదిలో ఒక మూల ఉన్న సర్వర్ లోపల ఇరవై వర్చువల్ మెషీన్లను ఏర్పాటు చేసినారు. విద్యార్థి ముందున్న పాత కంప్యూటర్ ఒక కిటికీ వంటిది మాత్రమే. అతడు చేసే పని అంతా సర్వర్‌లో అతనికి కేటాయించిన వర్చువల్ మెషీన్‌లోనే జరుగుతుంది.

ఈ వర్చువల్ మెషీన్ అనగా ఏమి? ఒక పెద్ద ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చినట్లు, ఒక నిజమైన యంత్రాన్ని పెక్కు కల్పిత యంత్రాలుగా విభజించే ఏర్పాటు. ఒక్కొక్క వాటాలోని ఆపరేటింగ్ సిస్టం ఇల్లంతా తనదేనని అనుకొంటుంది. ఇది నిన్నటి ఊహ కాదు. 1960ల దశకంలో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకులు దీనిని ఆచరణలోకి తెచ్చినారు. 1972లో ఆ సంస్థ వి.ఎం./370 అన్న పేరుతో దీనిని ప్రకటించినది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మంచి వర్చువల్ మెషీన్‌కు మూడు లక్షణాలు చెప్పినారు. మొదటిది, లోపల నడిచే ప్రోగ్రాము నిజమైన యంత్రంపై ఎట్లా నడుస్తుందో ఇక్కడా అట్లే నడవాలి. రెండవది, వనరులపై అదుపు ఎప్పుడూ ఇంటి యజమానిదే కావాలి. మూడవది, అత్యధిక సంఖ్యలో ఆదేశాలు మధ్యవర్తి ప్రమేయం లేకుండా నేరుగా ప్రాసెసర్‌పైనే నడవాలి. వేగం అన్నది ఈ మూడవ లక్షణంలోనే ఉన్నది. మధ్యవర్తి ఎంత తరచుగా కల్పించుకొంటే పని అంత మందగిస్తుంది. 2005, 2006 సంవత్సరాల్లో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు తమ ప్రాసెసర్లలోనే ఇందుకు సదుపాయం కల్పించినవి. 2007లో వెలువడిన లినక్స్ 2.6.20లో కె.వి.ఎం. అనే భాగం చేరి, అటువంటి ప్రాసెసర్‌తో లినక్స్ నడిచే ఏ కంప్యూటర్ అయినా ఇటువంటి వాటాల ఇల్లు కాగలిగినది.

ఈ విద్యలో నాకు అన్నిటికంటె నచ్చినవి రెండు మాటలు. నిజమైన యంత్రాన్ని ఆతిథేయి అని, లోపలి కల్పిత యంత్రాలను అతిథులు అని ఆంగ్లంలో వ్యవహరిస్తారు. మన ఇండ్లలో ఆతిథ్యానికి ఉన్న గౌరవం మీకు చెప్పనక్కరలేదు. ఆ మాటలకు ఇంత లోతైన అర్థం ఉన్నదని మాత్రం నాకు అప్పట్లో తెలియలేదు.

మన సర్వర్‌లో ప్రాసెసర్ కోర్లు ఎనిమిది, మెమరీ 64 జీబీ, నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు ఒకటి. నేను బాధ్యత తీసుకొన్ననాడు ఒక్కొక్క అతిథికి రెండు కల్పిత ప్రాసెసర్లు, రెండు జీబీల మెమరీ ఉండేవి. విద్యార్థులు మొదటివారమే ఫిర్యాదు చేసినారు. “సార్, బటన్ నొక్కి టీ త్రాగి వచ్చినా ఇంకా తెర రావడం లేదు” అన్నారు. ప్రొద్దున ఇరవై యంత్రాలూ ఒకేసారి తెరిస్తే పని మొదలుపెట్టేసరికి పదకొండు నిమిషాలు పట్టేది. గంట తరగతిలో పదకొండు నిమిషాలు!

నేను చేసిన చికిత్స మిక్కిలి సులభమైనది. ఆకలిగా ఉన్నవానికి ఇంకొంచెం వడ్డించడమే గదా దయ అని తలచి, ఒక్కొక్క అతిథికి ప్రాసెసర్లను రెండునుండి నాలుగుకు, మెమరీని రెండు జీబీలనుండి నాలుగు జీబీలకు పెంచినాను. ఇందుకు రూపాయి ఖర్చు కాలేదు. ఒక ఫైలులో అంకె మార్చితే చాలు. లినక్స్ అడ్డు చెప్పలేదు. ఉన్నదానికంటె ఎక్కువ వాగ్దానం చేయడానికి అది అనుమతిస్తుంది. ఇరవైని నాలుగుతో హెచ్చవేస్తే ఎనభై అవుతుందనిన్నీ, ఎనభై జీబీలు అరవై నాలుగింటిలో ఇమడవనిన్నీ ఎక్కము నేర్చిన బాలునికి తెలుసును. నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం కూడా ఉన్నది. అతిథికి నాలుగు జీబీలు అని చెప్పినంత మాత్రాన ఆతిథేయి వాటిని ఆ క్షణమే తీసి ఇవ్వదు. అతిథి తాకిన మేరకే ఇస్తూ పోతుంది. మామూలు రోజుల్లో ప్రయోగశాలకు పది పన్నెండు మందికంటె వచ్చేవారు కారు. అందువల్ల నా అప్పు బయటపడలేదు. ఇరవై మందీ ఒకేసారి వచ్చి, గంటకు పైగా కదలక కూర్చున్నది పరీక్షనాడే.

ఆనాటి సంగతి వ్రాయడానికి నాకు ఇప్పటికీ చేయి ఆడదు. ప్రాక్టికల్ పరీక్ష మొదలై గంట దాటినది. బయటి కళాశాలనుండి వచ్చిన పరీక్షకులు వరుసల మధ్య తిరుగుతున్నారు. మూడవ వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని తెర ఒక్కసారిగా నల్లబడినది. ఆమె నెమ్మదిగా చేయి ఎత్తినది. నేనున్నూ, ప్రయోగశాల సహాయకుడున్నూ వెళ్ళి చూచినాము. కిటికీ చెక్కుచెదరలేదు. కిటికీకి ఆవలి యంత్రమే మాయమైనది. తిరిగి తెరిచేసరికి, ఆమె వ్రాసిన ప్రోగ్రాములో చివరి ముప్పావు గంట పని లేదు. “పరవాలేదు సార్, మళ్ళీ వ్రాస్తాను” అని మాత్రం అన్నది. మిగిలిన సమయం అరగంట. ఆమె ఉత్తీర్ణురాలైనది గాని, రావలసిన మార్కులు రాలేదు. పరీక్షకులు నియమాన్ని అనుసరించినారు. వారి తప్పు లేదు.

ఆ సాయంత్రమే నేను కళాశాల కమిటీకి ఒక లేఖ వ్రాసినాను. ప్రస్తుత సర్వర్ విద్యార్థుల అవసరాలకు చాలదనిన్నీ, క్రొత్తదానికి సుమారు నాలుగు లక్షల రూపాయలు కావలెననిన్నీ అందులో మనవి చేసినాను. ఆ సంవత్సరం అంత మొత్తం రావలసినది ఒకే చోటునుండి. అది పేద విద్యార్థుల పరీక్ష రుసుములకై కమిటీ వారు కూడబెట్టిన నిధి. అది నాకు తెలియకపోలేదు. తెలిసే వ్రాసినాను. తప్పు యంత్రానిదని తేలితే నా మనస్సుకు కొంత ఊరట కలుగుతుందని లోలోపల అనుకొన్నానేమో!

మరునాడు లేఖ ప్రతిని చూచిన చివరి సంవత్సరపు విద్యార్థి ఒకడు నన్ను ఒక మాట అడిగినాడు. “సార్, క్రొత్త సర్వర్ వచ్చినా ఇవే మెషీన్లను దానిలోకి ఎక్కిస్తాము గదా? రోగమేదో తెలియకుండా ఆసుపత్రి మార్చినట్లు కాదా?” శిష్యుడు అడిగిన ప్రశ్నకు గురువు వద్ద సమాధానం లేకపోవడం అవమానమేమీ కాదు. సమాధానం వెదకకపోవడమే అవమానం. ఆ సాయంత్రం నేను, సహాయకుడు, ఆ విద్యార్థి, ముగ్గురమూ సర్వర్ ముందు కూర్చున్నాము.

ప్రతి లినక్స్ యంత్రమూ తనలో జరిగినదాన్ని తేదీ, గంట, నిమిషాలతో ఒక దినచర్యలో వ్రాసుకొంటుంది. పరీక్షనాటి పుటను తెరిచినాము. మెమరీ పూర్తిగా అయిపోయినదనిన్నీ, ఇల్లంతా కూలిపోకుండుటకై మిక్కిలి మెమరీ ఆక్రమించిన ఒక ప్రాసెస్‌ను చంపివేయవలసి వచ్చినదనిన్నీ ఒక పంక్తి ఉన్నది. ఆతిథేయి దృష్టిలో అతిథి అనేది నడుస్తున్న ప్రోగ్రాములలో ఒకటి మాత్రమే. ఆ చంపబడిన ప్రాసెస్ పేరు ఆ విద్యార్థిని యంత్రం పేరే. సర్వర్ చాలక కాదు, ఇరవై మందికీ లేనిదాన్ని ఇస్తానని నేను మాట ఇచ్చినందువల్ల ఆమె పని నశించినది. ఆ పంక్తిని మువ్వురమూ చదివినాము. ఎవరమూ మాట్లాడలేదు.

ఆనాటినుండి ఒక నియమం పెట్టుకొన్నాము. ముందు కొలవాలి. తరువాత ఒక్కటే మార్పు చేయాలి. మళ్ళీ కొలవాలి. ఫలితాన్ని నోటుపుస్తకంలో వ్రాయాలి. రెండు మందులు ఒకేసారి మ్రింగినవానికి ఏది గుణమిచ్చినదో తెలియదు గదా.

మొదటి మార్పు మెమరీ. అతిథికి తిరిగి రెండు జీబీలే ఇచ్చినాము. ఇరవైకి నలభై. మిగిలిన ఇరవై నాలుగు జీబీలు ఆతిథేయి తన పనికి ఉంచుకొన్నది. 2009లో వెలువడిన లినక్స్ 2.6.32 నుండి ఇంకొక సదుపాయం ఉన్నది. ఇరవై అతిథులలోను ఉన్నది ఒకే ఆపరేటింగ్ సిస్టం కనుక, వారి మెమరీలో అనేక పుటలు అక్షరాలా ఒక్కటే. ఆతిథేయి అటువంటి పుటలను వెదకి, ఒక్క ప్రతిని మాత్రం ఉంచి, అందరికీ దానినే చూపుతుంది. ఎవరైనా దానిపై వ్రాయబోతే వారికి వేరే ప్రతి తీసి ఇస్తుంది. ఈ వెదకులాటకు ప్రాసెసర్ సమయం కొంత ఖర్చవుతుంది గాని, మెమరీ ఇరుకుగా ఉన్న మా వంటివారికి అది లాభమే.

రెండవది ప్రాసెసర్లు. ఇక్కడ నా అజ్ఞానం మరింత బయటపడినది. ఎనభై కల్పిత ప్రాసెసర్లు ఎనిమిది నిజమైన కోర్లకోసం వరుసలో నిలబడి ఉండేవి. అతిథి యంత్రంలో ‘టాప్’ అనే ఆజ్ఞ ఇస్తే కనబడే అంకెలలో చివరిదానికి ‘దొంగిలించబడిన సమయం’ అని పేరు. అతిథి పనికి సిద్ధంగా ఉండి కూడా, కోరు మరొకరి చేతిలో ఉన్నందున వ్యర్థమైన కాలమది. మా అతిథులలో ఆ అంకె ఎంతో పెద్దదిగా ఉన్నది. అంతకంటె చిత్రమైన సంగతి మరొకటి. ఒకే అతిథిలోని నాలుగు ప్రాసెసర్లు ఒక ఉమ్మడి వస్తువును వాడవలసి వచ్చినప్పుడు, ఒకటి తాళం వేసుకొని పని చేస్తుంది, మిగిలినవి తాళం తీసేదాకా నిరీక్షిస్తాయి. తాళంచెవి గలదానినే ఆతిథేయి మధ్యలో వరుస వెనుకకు పంపితే, తక్కినవి తమ వంతు వచ్చినా ఏమీ చేయలేక అక్కడే గిరగిర తిరుగుతాయి. తాళంచెవి మొలలో పెట్టుకొని ఒకడు నిద్రపోతే ఇంటిల్లిపాదీ వాకిట నిలబడ్డట్లు! కాబట్టి ఎక్కువ ప్రాసెసర్లు ఇచ్చినకొద్దీ వేగం తగ్గినది. ఒక్కొక్క అతిథికి ఒక్కటే ప్రాసెసర్ ఉంచినాము. విద్యార్థి చేసే పనికి అది చాలును. నోటుపుస్తకంలో ఆనాటి పుటలో “తగ్గించినాము, పెరిగినది” అని మా విద్యార్థి వ్రాసినాడు.

మూడవది అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది. మా అతిథి యంత్రాలను ఏర్పాటు చేసిననాడు లోపల నడిచేది ఏ ఆపరేటింగ్ సిస్టమో ఎవరూ సరిగా చెప్పలేదు. అందువల్ల ఆతిథేయి జాగ్రత్తకై అందరికీ తెలిసిన పాతకాలపు డిస్కును, పాతకాలపు నెట్‌వర్క్ కార్డును నటించి చూపుతూ వచ్చినది. అవి నిజంగా లేవు. అతిథి మాత్రం అవి ఉన్నాయని నమ్మి, వాటి మీటలను ఒక్కొక్కటిగా నొక్కుతుంది. నొక్కిన ప్రతిసారీ పని ఆగి, ఆతిథేయి లేచి వచ్చి, లేని మీట కదిలినట్లు నటించి, తిరిగి వెళ్ళాలి. ఒక చిన్న చదువుకు ఇటువంటి రాకపోకలు ఎన్నో. దీనికి విరుగుడుగా రస్టీ రసెల్ అనే లినక్స్ రచయిత రూపొందించిన విర్ట్‌ఐఓ అనే పద్ధతి 2008 జనవరిలో వెలువడిన లినక్స్ 2.6.24 నాటికే అందులో చేరి ఉన్నది. అందులో నటన లేదు. “నీవు అతిథివి, ఇక్కడ నిజమైన డిస్కు లేదు, మన ఇద్దరికీ మధ్య ఈ ఉమ్మడి పలక ఉన్నది, నీకు కావలసినవన్నీ దీనిపై వ్రాసి ఒక్కసారి పిలువు” అని ఆతిథేయి చెప్పివేస్తుంది. పది కోరికలకు పదిమార్లు తలుపు తట్టడం పోయి, ఒక్క చీటీ మిగులుతుంది. లినక్స్ అతిథులకు ఈ భాష ముందునుండీ వచ్చును. మేమే ఇన్నాళ్ళూ వారితో ఆ భాషలో మాట్లాడలేదు.

ప్రాసెసర్ విషయంలోను ఇట్లే జరిగినది. అతిథికి మేము చూపుతున్నది ఒక నామమాత్రపు పాత ప్రాసెసర్. నిజమైన ప్రాసెసర్‌లో గూఢలిపి లెక్కలను వేగంగా చేసే ప్రత్యేక ఆదేశాలు ఉన్నా, అతిథికి వాటి ఊసే తెలియదు. ఉన్న ప్రాసెసర్‌ను ఉన్నట్లుగా చూపే అమరిక పెట్టినాము. ఇట్లా చేస్తే అతిథిని వేరొక రకం ప్రాసెసర్ గల సర్వర్‌కు నడుస్తుండగానే మార్చడం కష్టమవుతుంది. మాకున్నది ఒక్కటే సర్వర్ కనుక ఆ చింత లేకపోయినది.

నాలుగవది డిస్కు వ్రాతలు. డిస్కునుండి చదివినదాన్ని అతిథి తన మెమరీలో ఒక ప్రతి దాచుకొంటుంది. అదే చదువును ఆతిథేయి కూడా తన మెమరీలో మరొక ప్రతి దాచుకొంటుంది. ఒకే బియ్యానికి రెండు కొట్లు! ఆతిథేయి ప్రతిని మాన్పించే అమరిక ఉన్నది, దానిని పెట్టినాము. ఈ అమరికలను వెదకుతుండగా మరొకటి కంటబడినది. దానిని పెట్టి చూస్తే, మేము కొలిచిన వాటన్నిటిలోను అదే మిక్కిలి వేగవంతమైనది. మేము సంతోషంతో నోటుపుస్తకం తెరిచినాము కూడా. ఇంతలో ప్రయోగశాల సహాయకుడు, “కరెంటు పోతే ఏమవుతుంది సార్?” అన్నాడు. చదివి చూచినాము. ఆ అమరికలో అతిథి “నా వ్రాత డిస్కుపైన భద్రంగా చేరినదా?” అని అడిగితే, ఆతిథేయి దానిని చేర్చకముందే “చేరినది” అని బదులు చెబుతుంది. వేగమంతా ఆ అబద్ధంలోనే ఉన్నది. మన ఊళ్ళో కరెంటు సంగతి అందరికీ తెలిసినదే. చెప్పకుండా పోతుంది, చెప్పకుండా వస్తుంది. ఒక విద్యార్థిని పని ఒకసారి పోగొట్టినవాణ్ణి. ఆ వేగం మాకు వద్దని ఆ పుట కొట్టివేసినాము.

ఐదవది అలంకారాలు. సాహిత్యంలో అలంకారం కావ్యానికి శోభ. మా అతిథి యంత్రాల తెరపై కిటికీలు నీడలతో, మెరుపులతో తేలివచ్చి తెరచుకొనేవి. బొమ్మలు గీయుటకు ప్రత్యేక కార్డు ఉన్నచోట అది భారం కాదు. వర్చువల్ మెషీన్‌లో అట్టి కార్డు లేనప్పుడు ప్రతి నీడనూ ప్రాసెసరే లెక్కకట్టి గీయాలి. సాదా డెస్క్‌టాప్‌ను పెట్టినాము. అట్లే ఇరవై యంత్రాలూ ఒకే మూసనుండి వచ్చినవి కనుక, తెరచిన వెంటనే అన్నీ ఒకే నిమిషాన క్రొత్త సాఫ్ట్‌వేర్ కోసం వెదకడం, ఫైళ్ళ పట్టిక తయారుచేయడం మొదలుపెట్టేవి. ఆ పనులను రాత్రివేళకు మార్చి, ఒక్కొక్కదానికి వేరువేరు సమయాలు ఇచ్చినాము. ఉదయం సహాయకుడు వచ్చి, ఇరవైని నాలుగు జట్లుగా కొన్ని నిమిషాల ఎడంతో తెరచి ఉంచే ఏర్పాటు కూడా చేసినాము.

ఒక సంగతిని తెలిసి కూడా చేయక వదిలివేశాము. మెమరీని సాధారణంగా నాలుగు కేబీల పుటలుగా లెక్కిస్తారు. వర్చువల్ మెషీన్‌లో ఒక పుట చిరునామాను వెదకుటకు అతిథి పట్టికను, ఆతిథేయి పట్టికను రెంటినీ తిప్పాలి. నాలుగు అంతస్తుల పట్టికలలో ఆ వెదకులాట మామూలు యంత్రంలో నాలుగు మెట్లయితే, ఇక్కడ ఇరవై నాలుగు దాకా పోవచ్చును. రెండు ఎంబీల పెద్ద పుటలు వాడితే ఈ శ్రమ తగ్గుతుంది. కాని అట్లా ముందుగా కేటాయించి ఉంచిన పెద్ద పుటలకు, ముందు చెప్పిన ఒకే ప్రతిని పంచుకొనే సదుపాయం వర్తించదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. మాకు కొరత మెమరీకి గనుక పంచుకొనడాన్నే ఎంచుకొన్నాము. మరొకరికి మరొకటి మేలు కావచ్చును.

ఇంత చేసిన తరువాత, ఇరవై యంత్రాలనూ పరీక్షకై ఒకేసారి తెరిపించి కొలిచినాము. పదకొండు నిమిషాలు మూడు నిమిషాలైనవి. అంతకు మించి దిగలేదు. అప్పుడు విద్యార్థి ఒక లెక్క వేసినాడు. నిమిషానికి 7200 చుట్లు అనగా సెకండుకు 120. కావలసిన చోటు సూది క్రిందికి రావడానికి సగటున అర చుట్టు, అనగా నాలుగు మిల్లీసెకండ్లకు పైన. సూది ఒక వలయంనుండి మరొక వలయానికి జరగడానికి మరికొంత. మొత్తం మీద సెకండుకు సుమారు నూరు చిన్న చదువులు. ఇరవై అతిథులకు పంచితే తలకు ఐదు. ఒక యంత్రం తెరచుకొనడానికి అటువంటి చదువులు వేల సంఖ్యలో కావాలి. ఏ అమరికా ఆ చక్రాన్ని ఇంకా వేగంగా త్రిప్పలేదు. ఇక్కడ మాత్రం నిజంగా యంత్రమే చాలడం లేదు. తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. సెకండుకు ఇటువంటి చదువులను పదివేల లెక్కన అందించగలదు. దాని వెల కొన్ని వేల రూపాయలు.

కమిటీ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు నా లేఖ బల్లపైన ఉన్నది. పెద్దలు దానిని అంగీకరించుటకు సిద్ధంగానే ఉన్నారు. నేను లేచి ఆ లేఖను ఉపసంహరించుకొంటున్నానని, పరీక్షనాటి తప్పు సర్వర్‌ది కాదని, నాదని చెప్పినాను. దినచర్యలోని ఆ పంక్తి ప్రతిని, నోటుపుస్తకాన్ని వారి ముందుంచినాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పిమ్మట సెక్రటరీ సాబ్, “ఎస్.ఎస్.డి. తెప్పించండి. రుసుముల నిధి జోలికి పోనక్కరలేదు” అన్నారు. మరి ఒక పెద్దాయన నోటుపుస్తకం త్రిప్పి చూచి, “ఇది ఎవరి వ్రాత?” అని అడిగినారు. మా విద్యార్థి పేరు చెప్పినాను. అంతకంటె ఆనాడు నేను గర్వంగా చెప్పిన మాట మరొకటి లేదు.

ఎస్.ఎస్.డి. వచ్చినది. ఇప్పుడు ఇరవై యంత్రాలూ ఒక నిమిషం లోపలే తెరచుకొంటున్నవి. ఆ తరువాత రెండు ప్రాక్టికల్ పరీక్షలు జరిగినవి. ఒక్క తెర కూడా నల్లబడలేదు. రుసుముల నిధి ఎవరి కోసం ఉన్నదో వారికే చేరినది. నేను నష్టపరచిన ఆ విద్యార్థిని ఇప్పుడు పై చదువులకు వెళ్ళిపోయినది. వెళ్ళేముందు కలిసినప్పుడు జరిగినదంతా ఆమెకు చెప్పి, క్షమించమని అడిగినాను. “మా తర్వాతివాళ్ళకు బాగైనది గదా సార్” అన్నది. ఆమెకు పోయిన మార్కులు మాత్రం తిరిగి రాలేదు. అందుచేత ఈ కథను నేను విజయగాథగా వ్రాయలేకపోతున్నాను.

ప్రియమైన విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇటువంటి యంత్రాలను వందల సంఖ్యలో నడిపే ఉద్యోగాలలో చేరుతారు. ఒక యంత్రం మందగించినప్పుడు ఇంకా పెద్దది కొనండి అని చెప్పడం మిక్కిలి సులభం. ముందుగా అది దేనికోసం ఎదురుచూస్తున్నదో కొలిచి తెలుసుకోండి. ప్రాసెసర్ కోసమా, మెమరీ కోసమా, డిస్కు కోసమా, లేక మనం దానిచేత ఆడిస్తున్న నటన ముగిసేందుకా? మేము పోగొట్టుకొన్న వేగంలో అధికభాగం ఆ నటనలోను, తీర్చలేని వాగ్దానాలలోను పోయినది. అతిథికి నిజం చెప్పి, ఉన్నంతలో పంచినప్పుడు అదే సర్వర్ ఇరవై మందినీ ఆదరించినది. ఈ ఆపరేటింగ్ సిస్టం తన మూలరచనను మనకు దాచదు, తన దినచర్యను దాచదు. దాని ముందు కూర్చొనే మనం మన తప్పును దాచకుండా ఉంటే చాలును.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు ప్రయోగశాల బీరువాలో మొదటి అరలో ఉన్నది. అందులో ఇంకా తెల్ల కాగితాలు చాలా ఉన్నవి. వచ్చి చదవండి. మీరు కొలిచినది కూడా అందులో వ్రాయండి.